ప్రోకాల్సిటోనిన్ పెరిగితే థైరాయిడ్ చెడినట్టు కాదు

"పీసీటీ ఎక్కువ వచ్చిందా? అది థైరాయిడ్ హార్మోన్, ముందు థైరాయిడ్ డాక్టర్‌కి చూపించండి. థైరాయిడ్ తీసేసినవాళ్లకు ఈ టెస్టు డబ్బు దండగ. కొవ్వు వట్టి నిల్వ సరుకు, ఇన్ఫెక్షన్‌లో దానికి పనేమీ లేదు." ఫ్యామిలీ గ్రూపుల్లో తిరుగుతున్న మాటలివి. పీసీటీ అంటే ప్రోకాల్సిటోనిన్, ఒంట్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఎంత తీవ్రంగా ఉందో అంచనా వేయడానికి రక్తంలో చూసే పదార్థం. ఇంట్లో మనిషి ఐసీయూలో ఉండగా ఇది చదివినవాళ్లు అసలు జబ్బు వదిలేసి థైరాయిడ్ గురించి టెన్షన్ పడతారు. అది నాకు చాలా బాధగా ఉంది.

మొదటి మాటలో సగమే నిజం. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ప్రోకాల్సిటోనిన్ ప్రధానంగా థైరాయిడ్‌లోని సి-కణాల్లోనే తయారవుతుంది. 116 అమైనో ఆమ్లాల ఆ గొలుసును అక్కడి ఎంజైములు కత్తిరించి, 32 అమైనో ఆమ్లాల కాల్సిటోనిన్ అనే హార్మోన్‌గా మార్చాకే రక్తంలోకి వదులుతాయి. అందుకే మామూలు రోజుల్లో పీసీటీ మిల్లీలీటరుకు 0.05 నానోగ్రాముల లోపే ఉంటుంది. ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో అదే పదుల్లోకి, ఒక్కోసారి వందకు పైకి వెళ్తుంది. మనం థైరాయిడ్ ప్రాబ్లమ్ అని చూపించుకునే టీఎస్‌హెచ్, టీ3, టీ4 వేరే లెక్క.

మరి అంత పీసీటీ ఎక్కడి నుంచి వస్తోంది? 1993లో ఫ్రెంచ్ పరిశోధకులు 'లాన్సెట్'లో దీని గురించి రాశారు. థైరాయిడ్ పూర్తిగా తీసేసిన రోగికి కూడా ఇన్ఫెక్షన్‌లో పీసీటీ పెరిగింది. టెస్టు దండగ అన్న మాట అక్కడే వీగిపోయింది. 2003లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ బృందం మనుషుల కొవ్వు కణాలకు బ్యాక్టీరియా విషపదార్థాన్ని, వాపు సంకేతమైన ఇంటర్‌ల్యూకిన్-1 బీటానూ తగిలించి చూసింది. పీసీటీని తయారుచేయించే కాల్సిటోనిన్ జన్యువు ఆ కణాల్లో మేల్కొంది, పీసీటీ బయటికి వచ్చింది. ఇన్ఫెక్షన్ ఉన్న రోగుల కొవ్వు ముక్కల్లోనూ ఆ జన్యువు పనిచేస్తూ కనిపించింది. ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. సి-కణాల్లాగా హార్మోన్‌ను దాచుకుని, కత్తిరించి వదిలే ఏర్పాటు కొవ్వు కణాలకు లేదు. తయారైంది తయారైనట్టే రక్తంలో కలుస్తుంది. కాలేయం, ఊపిరితిత్తుల వంటి అవయవాలూ ఇందులో చేయి కలుపుతాయి గానీ, ఒంట్లో కొవ్వు ఎంత ఉంటుందో తలచుకుంటే దాని వాటాను తక్కువ చేసి చూడలేం.

"వట్టి నిల్వ సరుకు" అన్నదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ఆకలిని అదుపు చేసే లెప్టిన్ కొవ్వు నుంచే వస్తుందని 1994లోనే తేలింది.

వైరల్ జ్వరాల్లో పీసీటీ సాధారణంగా అంతగా ఎందుకు పెరగదన్నదానికీ కొవ్వు కణాల్లోనే ఒక జవాబు దొరికింది. వైరస్‌లు వచ్చినప్పుడు ఒళ్లు విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్-గామా ఈ ఉత్పత్తిని అణిచేస్తుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన జబ్బులో ఇన్ఫెక్షన్ లేకుండానే పీసీటీ పెరుగుతుంది. పెద్ద ఆపరేషన్లు, కాలిన గాయాలు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలోనూ, పుట్టిన మొదటి రెండు రోజుల్లో పసిపిల్లల్లోనూ కొంత పెరగొచ్చు. అందుకే డాక్టర్లు ఒక్క అంకె చూసి నిర్ణయం తీసుకోరు. మందు పనిచేస్తుంటే పీసీటీ రోజుకు దాదాపు సగం చొప్పున తగ్గుతుంది. ఐసీయూ బయట ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగాల్సింది థైరాయిడ్ గురించి కాదు, నిన్న ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది అని.