సుందరయ్య గారు మనకు చేసిన అన్యాయం

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారు తెలుగు రాజకీయాలకు చేసిన నష్టాన్ని ఇంతవరకూ ఎవరూ లెక్కగట్టలేదు. ఏటా మే 19న ఆయన పటానికి దండ వేసి, ‘అలాంటి నాయకులు ఇప్పుడు లేరు’ అని నిట్టూర్చి, టీ తాగి వెళ్లిపోతున్నాం. ఆ నిట్టూర్పులో సగానికి పైగా ఊరటే ఉందని నాకు చాలాకాలంగా అనుమానం. అది మొన్న రూఢి అయింది.

మా వార్డులో నానాటికీ ఎదుగుతున్న నాయకుడొకరు మా ఇంటికి వచ్చారు. ‘‘మాస్టారూ, సుందరయ్య గారి వర్ధంతి సభకు నన్నూ పిలిచారండి. మన పార్టీ కాదనుకోండి, అయినా మహానుభావుడు కదా. పది నిమిషాలకు సరిపడా రాసి పెట్టండి’’ అన్నారు. పదవీ విరమణ చేసిన తెలుగు పంతులుకు విశాఖపట్నంలో ఇంతకంటే గౌరవప్రదమైన కొలువు దొరకదు గనుక ఒప్పుకున్నాను. రాసింది పట్టుకెళ్లి చదివి వినిపిస్తే, ఆయన ఎర్ర సిరా కలం తీసుకుని కూర్చున్నారు. ఒక మనిషి జీవితంలో పనికిరాని విషయాలు ఇన్ని ఉంటాయని నాకు ఆ సాయంత్రమే తెలిసింది.

మొదటి గీత పేరు మీద పడింది. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టినప్పుడు పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి కాగా, ఆయన కులాన్ని తెలిపే చివరి రెండక్షరాలనూ తీసి పారేశారని రాశాను. టికెట్టు ఇచ్చే ముందు అభ్యర్థి తాతగారి కులంతో పాటు అత్తవారి కులం కూడా విచారించే కాలంలో, చేతికందిన పెట్టుబడిని అలా గాలికి వదిలేయడం ఎంత బాధ్యతారాహిత్యమో ఆలోచించండి. పేరుకు తోక తగిలించుకోవడానికే మనవాళ్లు నానా పాట్లు పడుతుంటే, ఉన్న తోకను కోసుకున్నవాడిని ఆదర్శంగా చూపితే కుల సంఘాల వనభోజనాలకు మనల్ని ఎవరు పిలుస్తారు?

తరువాత భూమి సంగతి వచ్చింది. విశాఖలో మాట ఎక్కడ మొదలుపెట్టినా చివరికి భూమి దగ్గరే ఆగుతుంది కాబట్టి నాయకుడు గారు కుర్చీ ముందుకు జరుపుకొని శ్రద్ధగా విన్నారు. పదిహేడేళ్ల వయసులో మద్రాసులో చదువు వదిలి 1930 ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకు వెళ్లిన కుర్రవాడు, బయటికొచ్చాక సొంత ఊళ్లోనే, తన సొంత వర్గపు భూస్వాముల మీదనే, వ్యవసాయ కూలీలను కూడగట్టాడు. తన వాటాకు వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశాడు. ఆ తరువాత తెలంగాణ సాయుధ పోరాట నాయకుల్లో ఒకడయ్యాడు. సుమారు మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పేదలకు పంచామని ఆ పోరాటం గురించి రాసిన పుస్తకంలో ఆయనే లెక్క చెప్పారు. ‘‘పది లక్షల ఎకరాలే! అందులో ఆయన పేరున ఎంత పెట్టుకున్నారండి?’’ అని నాయకుడు గారు అడిగారు. ఏమీ లేదన్నాను. ‘‘బినామీగా?’’ అన్నారు. అదీ లేదన్నాను. ఆయన ముఖంలో కనిపించిన దిగులు కపటం కాదు. మధురవాడ నుంచి ఆనందపురం దాకా గజాల లెక్కన మాట్లాడే మనుషులకు, లక్షల ఎకరాలు చేతుల మీదుగా వెళ్తున్నా ఒక్క గజం వెంచర్ వేయని మనిషి గురించి వినడం నిజంగా కష్టమే. పైగా పంచే పద్ధతిలో ఆయన వెనుకబడిన వాడు. పేదలకు ఇచ్చిన డి-పట్టా భూమి నాలుగు చేతులు మారి పెద్దల ప్రహరీ గోడ లోపలికి చేరే విద్యలో మన జిల్లా సాధించిన ప్రావీణ్యాన్ని అందుకోవడానికి 2017లో ఒక సిట్టు (ప్రత్యేక దర్యాప్తు బృందం), 2019లో మరో సిట్టు వేయవలసి వచ్చిందంటే, ఆ విద్య లోతు ఊహించుకోవచ్చు. ఆ పేరా మొత్తం అడ్డంగా కొట్టేశారు.

సైకిలు మాత్రం మిగులుతుందని ఆశపడ్డాను. 1952లో రాజ్యసభకు వెళ్లిన సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన విషయం. ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డులో గేర్ల సైకిలు మీద ఒక ఫోటో దిగితే సభకు వన్నె వస్తుందని కూడా సూచించాను. సైకిలును కారు మీద తెచ్చుకోవచ్చు. ఆయన కాసేపు ఊగిసలాడి, ‘‘వద్దండి మాస్టారూ, అది అవతలి పార్టీ గుర్తు’’ అన్నారు.

సంతానం విషయంలో సుందరయ్య గారిని క్షమించడం ఇంకా కష్టం. 1943లో లీల గారిని పెళ్లాడి, ప్రజల పనికి అడ్డవుతారని పిల్లలనే వద్దనుకున్నారు. మూడుసార్లు గన్నవరం నుంచి శాసనసభకు వెళ్లిన మనిషి ఆ నియోజకవర్గాన్ని ఎవరి చేతిలో పెట్టి వెళ్లాలనుకున్నారో అర్థం కాదు. కొడుకు లేడు, కోడలు లేదు, కనీసం మేనల్లుడి పేరైనా వినపడదు. చినబాబు గారి పుట్టినరోజుకు కూడలి కూడలికీ ఫ్లెక్సీ కట్టి, కేకు కోసి, ఆసుపత్రిలో పళ్లు పంచే అవకాశమే అనుచరులకు లేకపోతే ఉద్యమం ఎలా బతుకుతుంది?

ఆయన ఆస్తికి అసలు వారసులైన కామ్రేడ్లూ ఈ నష్టంలో తమ వాటా తాము అనుభవిస్తున్నారు. 1964లో సుందరయ్య గారు తొలిసారి కూర్చున్న మార్క్సిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి కుర్చీలోకి మళ్లీ ఒక తెలుగువాడు, సీతారాం ఏచూరి, వచ్చింది 2015 ఏప్రిల్‌లో, మన విశాఖలో జరిగిన మహాసభలోనే. ఆరేళ్లు తిరిగాక ఇదే నగరపాలక ఎన్నికల్లో ఆ పార్టీకి 98 వార్డులకు గాను ఒకటి దక్కింది. ఉక్కు కర్మాగారం కోసం కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చునేది వాళ్లు, వచ్చి ఫోటో దిగేది అందరూ, ఓటు మాత్రం ఇంకెవరికో పడుతుంది. ఈ వాక్యం రాశానే గాని వినిపించలేదు. స్టీల్‌ప్లాంటు మాటెత్తితే పైవాళ్లకు ఇబ్బందని నాయకుడు గారు ముందే హెచ్చరించారు.

ఇక రాజీనామా. పార్టీ పంథాతో పొసగక, అత్యవసర పరిస్థితి రోజుల్లో, సుందరయ్య గారు ప్రధాన కార్యదర్శి పదవినే వదిలేశారు. ఇంతవరకూ నాయకుడు గారు తలూపారు, ఎందుకంటే అలగడం ఆయనకు తెలిసిన విద్యే. ‘‘తరువాత ఏ పార్టీలోకి వెళ్లారు?’’ అన్నారు. ఎక్కడికీ వెళ్లలేదనీ, అదే పార్టీలో ఉండి పనిచేసుకున్నారనీ చెప్పాను. 2025 ఏప్రిల్‌లో మేయరు మీద అవిశ్వాసం పెట్టినప్పుడు కార్పొరేటర్లను ఏ ఊళ్లలో, ఏ హోటళ్లలో దాచారో కళ్లారా చూసిన మనిషికి ఆ జవాబు ఎంత వెలితిగా ఉండి ఉంటుందో నేను ఊహించగలను. కలం అక్కడ కాస్త గట్టిగానే నొక్కారు.

కొట్టివేతలు పోగా కాగితం మీద రెండు తేదీలు మిగిలాయి. పుట్టింది 1913 మే 1, పోయింది 1985 మే 19. ఆయన మొదటి తేదీ వైపు చాలాసేపు చూసి, ‘‘ఇది మేడే కదండీ, మరీ వాళ్ల పార్టీ ప్రచారంలా ఉంటుందేమో’’ అని దాని చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టారు.