పరారీలో ఉన్నవాడు సంతకం పెట్టాడు

మా పక్కవీధిలో ఒక నేరస్థుడున్నాడు. వయసు పాతికలోపే. చేసిన నేరం ఉద్యోగం మానెయ్యడం. కొత్త కంపెనీ నెలలో చేరమంది, పాత కంపెనీ 90 రోజుల నోటీసు పీరియడ్ పూర్తి చేసి కదలమంది. కుర్రాడు రాజీనామా మెయిల్ పెట్టి, ఒక నెల పనిచేసి, ల్యాప్‌టాప్ అప్పజెప్పి, రసీదు తీసుకుని ఇంటికొచ్చి పడుకున్నాడు. మర్నాటి నుంచి హెచ్ఆర్ రికార్డుల్లో అతను ‘అబ్‌స్కాండింగ్’, అంటే పరారీ.

ఇది అల్లాటప్పా మాట కాదు. చెప్పాపెట్టకుండా పోయేవాళ్ల కోసం ఇంగ్లిషువాళ్లు చాలా శ్రద్ధగా మాటలు తయారుచేసుకున్నారు. ప్రాణభయంతో పరిగెడితే ఫ్లీ. ప్రేమించినవాళ్లతో పోతే ఎలోప్. మూటాముల్లె సర్దుకుని, పనిలోపనిగా ఎదుటివాడి మూట కూడా సర్దుకుని పోతే డీక్యాంప్. అబ్‌స్కాండ్ మాత్రం కోర్టు మాట. చట్టానికి చిక్కకుండా దాక్కున్నవాడికి పెట్టే పేరు. మన న్యాయస్థానం ఒక మనిషిని పరారీలో ఉన్నాడని ప్రకటించాలంటే ముందు వారెంటుండాలి, వాడు దాక్కున్నాడని జడ్జిగారికి నమ్మకం కలగాలి, ఆ ప్రకటన ఊళ్లో నలుగురిలో చదివి వినిపించాలి, ఇంటికి అంటించాలి, హాజరు కావడానికి కనీసం 30 రోజులు గడువివ్వాలి. హెచ్ఆర్ వారికి ఇంత తీరికెక్కడిది? లాగిన్ అవ్వకపోతే చాలు, పరారీ.

హెచ్ఆర్ వారి ప్రకటన రిజిస్టర్డ్ పోస్టులో వచ్చింది. పరారీలో ఉన్న వ్యక్తి అప్పుడు అరుగు మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. పోస్ట్‌మ్యాన్ పేరడిగాడు, ఇతను ఎడం చేత్తో సంతకం పెట్టాడు. వాళ్ల నాన్న కళ్లజోడు పెట్టుకుని పైకి చదివాడు: మీ ఆచూకీ మాకు తెలియడం లేదు. కవరు మీద డోర్ నంబరు, వీధి పేరు, పాలకేంద్రం ఎదురుగా అన్న గుర్తు, పిన్‌కోడ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మధ్యాహ్నం ఫోనొచ్చింది.

“సర్, మీరు అబ్‌స్కాండింగ్‌లో ఉన్నారండి.”

“అవునండి, ఇప్పుడే ఉత్తరం అందింది.”

“ప్రస్తుతం ఎక్కడున్నారు సర్?”

“మీరు ఉత్తరం పంపించిన చోటే ఉన్నానండి.”

“ఓకే సర్, అదే స్టేటస్ కంటిన్యూ చేస్తాం.”

వాళ్ల నాయనమ్మకి ఇదేమీ ఎక్కలేదు. “పారిపోయావటగా, ఎప్పుడొచ్చావురా?” అని అడిగింది. సాయంత్రానికి వీధంతా పరామర్శకొచ్చింది. పారిపోయినవాడే స్వయంగా అందరికీ టీలు అందించాడు. పెళ్లి సంబంధం వాళ్లు మాత్రం అబ్బాయి దొరికాక కబురు చేస్తామన్నారు.

మన భాషలోనూ ఈ వివక్ష బాగానే ఉందిలెండి. చిట్టీల కంపెనీ బోర్డు తిప్పేస్తుంది, దాని మేనేజరు ఉడాయిస్తాడు. మేజర్లయిన ఇద్దరు వెళ్లి పెళ్లి చేసుకుంటే పిల్ల ‘లేచిపోయింది’, పిల్లాడి గురించి ఆ మాట పెద్దగా వినపడదు. అదే నాయకుడి మీద కేసు పడితే ఆయన అజ్ఞాతంలోకి ‘వెళ్తారు’. క్రియలో కూడా గౌరవం తగ్గకూడదు.

ఇక అసలు మహానుభావుల సంగతి. విజయ్ మాల్యా గారు 2016 మార్చి 2న విమానమెక్కి లండన్ వెళ్లారు. అప్పటికి ఆయన రాజ్యసభ సభ్యుడు. బ్యాంకుల బాకీ సుమారు 9,000 కోట్లు. 2012లోనే ఆగిపోయిన ఆయన విమానసంస్థ సిబ్బందికి నెలల తరబడి జీతాలు బాకీ. వెళ్లిన కొద్దిరోజులకే ఆయన ట్విట్టర్‌లో పాఠం చెప్పారు: నేను అంతర్జాతీయ వ్యాపారవేత్తను, వస్తూ పోతూ ఉంటాను, పారిపోలేదు, పరారీలోనూ లేను. గమనించారా, ఫ్లీకీ అబ్‌స్కాండ్‌కీ తేడా తెలిసి, రెండూ విడివిడిగా ఖండించారు! వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీ గారైతే 2017లోనే ఆంటిగ్వా పౌరసత్వం పుచ్చుకుని, తన మీద పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం ఫిర్యాదు ఇవ్వడానికి కొన్ని వారాల ముందే, 2018 జనవరి మొదట్లో దేశం దాటారు. ఆయన్ని ఎవరూ నోటీసు పీరియడ్ అడగలేదు.

వీళ్లకోసం 2018లో ప్రత్యేకంగా చట్టం చేసి, పరారైన ఆర్థిక నేరగాడు అన్న బిరుదు పెట్టారు. అర్హత వంద కోట్లు, ఆపైన. 99 కోట్లతో పోయినవాడు ఎంత ఏడ్చినా ఆ బిరుదు రాదు. మొదటి బిరుదు 2019 జనవరి 5న మాల్యా గారికే దక్కింది. ఆయన దేశం దాటిన దాదాపు మూడేళ్లకి.

అదే మాట గల్ఫ్‌లో ఎంతసేపట్లో తగిలిస్తారో జగిత్యాలలోనో నిజామాబాద్‌లోనో అడగండి. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. అప్పుచేసి ఏజెంటుకి కట్టి, మేకలు కాయడానికో తాపీపనికో పోయినవాడికి కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న అక్కడి యజమాని, నెలల కొద్దీ జీతం ఇవ్వడు. పాస్‌పోర్టు కూడా ఆ కఫీల్ బీరువాలోనే. తిండికి లేక ఇంకోచోట పనికి పోతే, కఫీల్ ఒక్క ఫిర్యాదు పెడతాడు, మనవాడు పరారీ అయిపోతాడు. ఎగ్గొట్టింది ఎవడు? జీతం ఎగ్గొట్టినవాడు మాత్రం యజమాని! ఇలా కాగితాలు లేకుండా మిగిలిపోయిన ఇతన్ని మనవాళ్లే ఖల్లివెల్లి అంటారు, అదేదో సరదా పేరైనట్టు. జ్వరమొస్తే ఆసుపత్రికి పోవాలంటే భయం. పోలీసుకి దొరికితే జైలు. తండ్రి పోయాడని కబురొస్తే కొడుకు గదిలో కూర్చుని ఫోన్లో అంత్యక్రియలు చూడాలి, ఎందుకంటే ఇంటికి రావాలన్నా ఔట్‌పాస్ కోసం, అంటే దేశం వదిలి వెళ్లే కాగితం కోసం, నెలలు తిరగాలి. ఏం దొంగిలించాడని వీడికి ఈ మాట? ఎవడి సొమ్ము తిన్నాడని? వాడి కష్టం తిన్నవాడు ఏసీలో కూర్చుని సంతకం పెడతాడు, అంతే.

జగిత్యాల మేస్త్రీ కూడా ఒక ట్వీట్ పెట్టచ్చు: నేను అంతర్జాతీయ తాపీమేస్త్రీని, వస్తూ పోతూ ఉంటాను, పారిపోలేదు అని. కాకపోతే వచ్చిపోవడానికి పాస్‌పోర్టు కావాలి. అది కఫీల్ బీరువాలో ఉంది.