అట్టపెట్టె వాసన

వైన్ టేస్టింగ్‌కి నన్ను లాక్కెళ్లింది మా ఫ్రెండే. "ఊరికే తాగి రావడం కాదురా, వాసన చూసి వర్ణించాలి" అన్నాడు. వర్ణనంటే మనకి భయమా? అయినా ముందు రాత్రి కాస్త చదువుకున్నాను. 1984లో కాలిఫోర్నియాలో ఆన్ నోబుల్ అనే ప్రొఫెసర్ వైన్ వాసనలన్నిటినీ ఒక చక్రంలో సర్దిపెట్టారట. అందులో పళ్లూ పూలూ ఉన్న వైపంతా బట్టీ పట్టాను. మిగతా వైపు తడి ఊలు, రబ్బరు, తడిసిన అట్ట లాంటివి కనిపించాయి. అవి మన స్థాయికి తగవని వదిలేశాను.

మొదటి గ్లాసు రాగానే అందరూ కాడ పట్టుకుని గిర్రున తిప్పారు. నేనూ తిప్పాను. మూడోవంతు పక్కావిడ నోట్‌బుక్ మీదికి పోయింది. మిగిలినదాంట్లో ముక్కు పెట్టాను. వానకి తడిసి మూలన పడున్న అట్టపెట్టె. మళ్లీ చూశాను. అట్టపెట్టే.

"మీకేం తెలుస్తోందండీ?" అన్నాడు టేస్టింగ్ నడిపిస్తున్నాయన.

అట్టపెట్టె అంటే పరువేం కావాలి! "వాన వెలిసిన అడవి... రాలిన ఆకులు... ఎక్కడో దూరంగా ఒక చెర్రీ పండు" అన్నాను. మా వాడు గర్వంగా చుట్టూ చూశాడు.

ఆయన తన గ్లాసు వాసన చూసి మొహం చిట్లించాడు. "సారీ అండీ, ఈ సీసా పాడైంది. తడిసిన అట్ట వాసన వస్తోంది, గమనించారా?"

బిరడాలోంచి టీసీఏ అనే పదార్థం దిగితే ఇలా అవుతుందట. లీటరుకి నాలుగైదు నానోగ్రాములున్నా ముక్కుకి తెలిసిపోతుందట. అంత సూక్ష్మాన్ని నా ముక్కు ఇట్టే పట్టేసింది! జలుబుకి తప్ప దేనికీ పనికిరాదనుకున్న ముక్కు, జీవితంలో మొదటిసారి ఒక నిజం చెబితే, నేనే దాని మీద చెర్రీ పండు పెట్టి మూసేశాను.

బీర్ల వంతు వచ్చేసరికి, ఇక ఉన్నదున్నట్టు చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాను. గ్లాసు ఎత్తీ ఎత్తగానే గుర్రాల కొట్టం. సందేహమే లేదు. చెయ్యెత్తి, "ఇదీ పాడైందండీ, గుర్రాల కంపు" అన్నాను.

"భలే పట్టారే! బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ గుణం అది. ఈ వాసన కోసమే నెలల తరబడి పీపాలో ఉంచారు" అని, గొంతు తగ్గించి, "దీన్ని తయారుచేసినాయన మీ వెనకే ఉన్నారు" అన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. ఇప్పటికీ ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు.

తర్వాతి బీరులో వెన్న వాసన. ఈసారి నోరు మెదపలేదు. "వెన్న వాసనిచ్చే డైఅసిటైల్ అనే పదార్థం ఎక్కువైంది, ఈ బీరుకిది లోపం" అన్నాడాయన. గంట క్రితం షార్డనే వైన్‌లో ఇదే వెన్నకి లొట్టలేసింది కూడా ఆయనే!

చివరి గ్లాసు తెచ్చి నా ముందే పెట్టాడు. "ఇది మీరే చెప్పాలండీ."

"ముందు ఇది బావుందో పాడైందో మీరు చెప్పండి సార్" అన్నాను. "వర్ణన సంగతి నేను చూసుకుంటాను."