పార్ట్-బీలో పడ్డ సిమ్

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన మర్నాడు ఫోన్ తన కడుపులోని సిమ్ కార్డును తానే గుర్తుపట్టకపోతే జనం దాన్ని లోపం అంటున్నారు. కొందరు నోటికొచ్చినట్టు తిడుతున్నారు కూడా. ఇది అన్యాయం. అందులోనూ తహసీల్దార్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లు ఆ మాట అనడం మరీ విచారకరం. ఫోన్ చేసింది తప్పు కాదు, రికార్డుల ప్రక్షాళన. మనకు తెలియనిదా?

2017 సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రంలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. పేచీ లేని భూములు పార్ట్-ఏలోకి, తగాదా ఉన్నవి పార్ట్-బీలోకి వెళ్లాయి. 2020 అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ఈ మధ్యలో ఎక్కడో, మడిలో వంగి నాటేస్తున్న మనిషికి "నీకు భూమి లేదు" అని కంప్యూటర్ ధైర్యంగా చెప్పగలిగే స్థాయికి మనం ఎదిగాం. కాళ్లకు బురద ఉంటుంది, రికార్డులో గుంట భూమి ఉండదు. అలాంటి గడ్డ మీద, ట్రేలో కూర్చున్న సిమ్‌ను పెట్టుకుని ఫోన్ "సిమ్ లేదు" అంటే ఇంత గగ్గోలు దేనికో నాకు బోధపడటం లేదు.

ఈ సంగతి మా వీధిలోని రిటైర్డ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అంటే మా గిర్దావర్ సాబ్‌కు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థం కాలేదు. ఒక రాత్రి ఆయన ఫోన్ "కొత్త అప్‌డేట్ సిద్ధంగా ఉంది, ఇన్‌స్టాల్ చేయమంటారా" అని మర్యాదగా అడిగింది. ఏమేం మారుతాయో కింద రాసే ఉంది: భద్రత మెరుగుపడుతుంది, పనితీరు బాగుపడుతుంది. సర్వీసంతా చదవకుండా సంతకాలు పెట్టిన చెయ్యి కదా, సరే అని నొక్కింది. తెల్లారి చూస్తే సిగ్నల్ గీతలు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత, కింద "సిమ్ చెల్లదు" అని ఒక ముక్క. కొడుకు కంగారు పడ్డాడు. కోడలు తన ఫోన్ నుంచి రింగ్ ఇచ్చి చూసింది. గిర్దావర్ సాబ్ మాత్రం కళ్లద్దాలు సవరించుకుని, "పాత పహాణీ ఏమన్న అడుగుతున్నదా?" అన్నారు, భూమి సాగు రికార్డు నకలు సంగతి అడిగినట్టే.

భద్రత మెరుగుపడిందన్న మాటలో అబద్ధం లేదని ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ ఉదయం నుంచి ఆయనకు లోన్ కావాలా అని అడిగే గొంతు వినిపించలేదు. డిజిటల్ అరెస్టు చేస్తామనే దొంగ పోలీసు తలకిందులుగా తపస్సు చేసినా ఆ నంబర్ కలవదు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు గోడల మీద రాయించి, రేడియోలో మొత్తుకుని సాధించలేనిది ఒక్క అప్‌డేట్ సాధించింది. ఓటీపీ అసలు రాకపోతే చెప్పేదేముంది?

సిమ్ తరఫున కూడా రెండు మాటలు చెప్పాలి. అది నిన్నమొన్న పుట్టిన జీవి కాదు. 1991లో జర్మనీలోని మ్యూనిక్ కంపెనీ ఒకటి తయారు చేసి ఫిన్లాండ్‌లోని ఒక నెట్‌వర్క్‌కు అమ్మింది. అప్పట్లో అది ఏటీఎం కార్డంత ఉండేది, 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 వెడల్పు. ఇప్పటి నానో సిమ్ 12.3 పొడవు, 8.8 వెడల్పు. గిర్దావర్ సాబ్ ఈ అంకెలు వినగానే పాత క్యాలెండర్ వెనక లెక్క తీశారు. విస్తీర్ణం నలభయ్యో వంతుకు, ఇంకా కాస్త కిందికే పడిపోయింది. నలభై గుంటలైతే ఒక ఎకరం. అంటే తాత పేరు మీద ఎకరం ఉన్నది మనవడి దాకా వచ్చేసరికి గుంట అయింది. "మా మండలంల కూడ గిట్లనే అయింది" అన్నారు, పెద్ద ఆశ్చర్యమేమీ లేకుండా.

అయితే ఆ గుంటకు గట్టి పట్టా ఉంది. సిమ్ లోపల ఒక రహస్య సంఖ్య ఉంటుంది, అది కార్డు దాటి బయటికి రాదు. నెట్‌వర్క్ ఏదో ఒక అంకె పంపుతుంది. సిమ్ దాన్ని తన రహస్యంతో కలిపి లెక్క కట్టి, వచ్చిన జవాబును మాత్రమే తిరిగి పంపుతుంది. అటువైపు కూడా అదే జవాబు వస్తే, వీడు అసలువాడేనని ఒప్పుకుంటారు. రహస్యం విప్పకుండానే ఊరవతలి టవర్‌ను ఒప్పించగల సిమ్, తాను కూర్చున్న ఫోన్‌ను మాత్రం ఒప్పించలేకపోయింది.

కారణం, ఫోన్‌లో అధికారి ఒకరు, రికార్డు రాసేవారు ఒకరు. తెర మీద మనం చూసేది ఒక సాఫ్ట్‌వేర్. సిమ్‌ను చదివి టవర్‌తో మాట్లాడేది మోడెమ్ అనే వేరే భాగం, దానికి సొంత సాఫ్ట్‌వేర్ ఉంటుంది. పెద్ద అప్‌డేట్ వస్తే రెండూ మారొచ్చు. రెండింటికీ పొంతన కుదరకపోయినా, ఏ నెట్‌వర్క్‌కు ఏ సెట్టింగులు అని రాసి ఉండే ఫైలు తప్పినా, సిమ్ పేరు జాబితాలోకి ఎక్కదు. సిమ్‌కు ఏమీ కాలేదు, అది ఉన్నచోటే ఉంది. దాన్ని చూడాల్సిన కన్ను మారింది.

కానీ పంచాయితీ ఎప్పుడూ చిన్నవాడి మీదికే కదా వస్తుంది. ముందు సిమ్‌నే బయటికి లాగారు. ఎదురింటాయన రబ్బరుతో రుద్దమన్నాడు. ఇంకొకాయన నోటితో ఊదమన్నాడు. కింద కాగితం ముక్క మడిచి పెడితే గట్టిగా ఆనుతుందని మూడో ఆయన సెలవిచ్చాడు. ఊదితే తడి తగులుతుంది. కాగితం పెడితే ట్రే లోపల ఇరుక్కుంటుంది, ఇరుక్కున్నాక సలహా ఇచ్చినాయన ఆ వీధిలో కనిపించడు. ఫోన్ ఆపి, సిమ్ తీసి, బంగారు రంగు వైపు పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ సరిగ్గా పెట్టి ఆన్ చేస్తే చాలు. చాలామటుకు తగాదాలు అక్కడే సమసిపోతాయి. సమసిపోనివి నల్లగొండ ప్రకాశం బజార్‌కు వెళ్తాయి.

అక్కడ టెంపర్డ్ గ్లాసులూ కవర్లూ తోరణాల్లా వేలాడే ఒక కొట్టు. కొట్టు పిల్లగాడు సాబ్ సిమ్ తీసి తన ఫోన్‌లో వేశాడు, గీతలన్నీ వచ్చాయి. తన సిమ్ తీసి సాబ్ ఫోన్‌లో వేశాడు, అదీ చెల్లదంది. విచారణ ముగిసింది. ఏటా రెవెన్యూ లెక్కలు తనిఖీ చేసే జమాబందీలో కూడా ఇంత త్వరగా తేలిన కేసును తాను చూడలేదని సాబ్ తర్వాత నాతో అన్నారు.

"సార్, సిమ్ మంచిగనే ఉంది. మీ ఫోనే ఎవ్వల్నీ పట్టుకుంటలేదు."

"అయితే నా ఒక్కని మీదనే పగ కాదన్నట్టు" అని ఆయన కొంచెం నెమ్మదించారు.

పిల్లగాడు స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టాడు. ఒక్కో ఫోన్‌కు ఒక్కోటి చొప్పున ఉండే గుర్తింపు సంఖ్య, పదిహేను అంకెల ఐఎమ్‌ఈఐ నంబర్ కనిపించింది. కనిపించడం మంచిదే. అక్కడ ఖాళీగా ఉన్నా, సున్నాలే వచ్చినా మోడెమ్ దగ్గరి రికార్డే చెరిగిందని అర్థం, అది సర్వీస్ సెంటర్ పని. అలాంటి సమయంలో "నేను కొత్త నంబర్ రాసిస్తా" అనే మేధావులు తగులుతారు. వాళ్లకు దూరంగా ఉండాలి. ఐఎమ్‌ఈఐని తారుమారు చేస్తే 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు. సర్వే నంబర్లు తారుమారు చేసినవాళ్ల సంగతేమిటని అడగొద్దు, అది వేరే శాఖ. అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన ఫోన్ అయితే ముందు లాక్ సంగతి చూడాలి. అక్కడి నెట్‌వర్క్‌కు కట్టేసిన ఫోన్‌ను ఏదో చిట్కాతో ఇక్కడ నడిపిస్తుంటే, అప్‌డేట్ వచ్చి ఆ ముడిని మళ్లీ బిగించగలదు.

తప్పు ఫోన్‌దని తేలింది కాబట్టి బాధ్యులెవరో తేలినట్టేనని మీరు అనుకుంటే, మీరు రెవెన్యూ వ్యవహారాలు చూడలేదన్నమాట. కొడుకు నంబర్ నుంచి ఫోన్ కంపెనీకి కాల్ చేస్తే, నెట్‌వర్క్ వాళ్లను సంప్రదించండి అన్నారు. నెట్‌వర్క్ దుకాణానికి వెళ్తే, అప్‌డేట్ పంపింది మేం కాదు కదా సార్ అన్నారు. ఇద్దరూ అసౌకర్యానికి చింతించారు. ఇద్దరి గొంతులోనూ తేనె. తన ఆఫీసులో తాను జనాన్ని కసురుకునేవాణ్నని, కసిరితే కనీసం ఎదురుగా మనిషి ఉన్నాడని వాళ్లకు తెలిసేదని గిర్దావర్ సాబ్ బాధపడ్డారు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి ఇద్దామని తెల్ల కాగితం మీద అర్జీ మొదలుపెట్టారు కూడా. విషయం రాశారు, తేదీ వేశారు, "ఎవరి మీద ఫిర్యాదు" అన్నచోట కలం ఆగింది. ఆ కాగితం ఇప్పటికీ అలాగే ఉంది.

టెలికాం ఫిర్యాదులకు 198 అని ఒక నంబర్ ఉంది. మన నెట్‌వర్క్ నుంచి దానికి కాల్ చేయాలి. నెట్‌వర్క్ లేదనే కదా ఫిర్యాదు. కంపెనీ యాప్‌లో రాద్దామంటే ఓటీపీ పంపాం చూసుకోండి అంది. ఎక్కడికి పంపిందో మీరే ఊహించండి. చాయ్ తాగి యూపీఐ కొడదామంటే, ఈ ఫోన్‌లో మీ నంబర్ సిమ్ కనిపించడం లేదని యాప్ తేల్చింది. బాకీ రాసుకోవడానికి చాయ్ దుకాణంలో ఇంకా ఒక నోటు పుస్తకం మిగిలి ఉండటం వల్ల ఆయన పరువు దక్కింది.

నెట్‌వర్క్ దుకాణం అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది: "కొత్త సిమ్ తీస్కోండి అంకుల్." సిమ్ బాగుందని ప్రకాశం బజార్ తీర్పు చెప్పాక కొత్తది దేనికి? పైగా సిమ్ మారిస్తే 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. మోసాలు ఆపడానికి పెట్టిన నియమమది, మంచి నియమమే. 2024 జులై నుంచి సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా వేరే నెట్‌వర్క్‌కు పోర్ట్ కూడా కాలేం. అంటే కోపమొచ్చి వెళ్లిపోదామనుకున్నా వారం ఆగి, కోపం చల్లారాక వెళ్లాలి. ఇంత దూరదృష్టి గల నియమం రాసినవాళ్లు కాపురాలు చక్కదిద్దే పనిలో ఉండాల్సింది.

పిల్లగాడు చివరికి నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేశాడు. ఫొటోలు పోవు, వైఫై పాస్‌వర్డులూ బ్లూటూత్ జతలూ మాత్రం పోతాయి. పోయాయి. సిమ్ రాలేదు. ఇక ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే అన్నాడు. అంటే మొత్తం చెరిపేసి కొత్తగా రాయడం. ముందు అంతా బ్యాకప్ తీసుకోకపోతే మనవరాలి బాలసార ఫొటోల నుంచి పింఛను కాగితాల దాకా అన్నీ గల్లంతు. సాబ్ రెండు చేతులూ అడ్డం పెట్టారు. "ఒక్కపారి ప్రక్షాళన చేస్తేనే గిట్లయింది. మల్ల చేస్తే నేనే ఉండ."

ఈ సందర్భంగా పెద్దలకు నాదొక విన్నపం. ఫోన్ కంపెనీలు అప్‌డేట్‌ను ఒకేరోజు అందరి మీదా వదలవు, విడతల వారీగా ఇస్తాయి. మొదటి విడతవాళ్లకు ఏమైనా అయితే రెండో విడతవాళ్లకు సరిచేసి పంపుతాయి. మొదటి విడతవాళ్లకు ప్రయోగ గ్రామాలుగా గుర్తింపు ఇచ్చి, ఒక శిలాఫలకమైనా వేయించాలి. ఆ యోగం వద్దనుకునేవాళ్లు ఓ వారం పది రోజులు ఆగి, ఇరుగుపొరుగు ఫోన్లు బతికే ఉన్నాయో లేదో చూసి, బ్యాకప్ తీసుకుని అప్పుడు నొక్కొచ్చు. ఇన్‌స్టాల్ చేసే ముందు ఊళ్లో డప్పు చాటింపు వేసి అభ్యంతరాలకు గడువు ఇవ్వాలని గిర్దావర్ సాబ్ సూచన. దాన్ని నేను గట్టిగా బలపరుస్తున్నాను.

సరిచేసిన అప్‌డేట్ ఆయనకూ వచ్చింది. చాలా చిన్నది. ఏం మారిందన్న చోట మళ్లీ అదే రాశారు: భద్రత మెరుగుపడుతుంది, పనితీరు బాగుపడుతుంది. పాతదాంట్లో తప్పు జరిగిందని ఒక్క అక్షరం లేదు. ఈ పద్ధతి చూసి సాబ్ ముఖంలో వృత్తిగౌరవం కనిపించింది. దించుకోవడానికి డేటా లేదు, వైఫై పాస్‌వర్డు రీసెట్‌లో పోయింది. పిల్లగాడే హాట్‌స్పాట్ పెట్టాడు. ఫోన్ ఆగింది, వెలిగింది, కాసేపు తిరిగింది. గీతలొచ్చాయి. సిమ్ పార్ట్-ఏలోకి ఎక్కింది.

ఆ వెంటనే ఆగి ఉన్న మెసేజీలు వరసగా దిగాయి. గడువు దాటిన ఓటీపీలు కొన్ని. మిమ్మల్ని సంప్రదించలేకపోయాం అని గ్యాస్ ఏజెన్సీ. అన్నిటికన్నా పైన నెట్‌వర్క్ కంపెనీది: మీ ప్లాన్ గడువు ఈరోజుతో ముగుస్తుంది.

గిర్దావర్ సాబ్ దాన్ని తీరిగ్గా చదివారు. "బిడ్డా, ఇన్ని దినాలు నాకు సిమ్మే లేదన్నరు గద. లేని సిమ్‌కు శిస్తు ఎట్ల లెక్కగట్టిన్రు?"

పిల్లగాడు తల ఎత్తలేదు. "28 రోజులది ఎయ్యాల్నా సార్, 84 రోజులదా?"