నాథ్‌సాగర్‌లో గీత చెరిపితే లింబోటికి దిక్కెవరు?

మహారాష్ట్రలో గోదావరిపై పైఠణ్ దగ్గరున్న జాయక్‌వాడి జలాశయంపై (దీన్నే నాథ్‌సాగర్ అంటారు) 1,200 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు ప్రతిపాదనకు 2024 సెప్టెంబరులో హరిత ట్రైబ్యునల్ అడ్డు చెప్పలేదు. 2025 మేలో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. తీర్పులను గౌరవిస్తాం. కానీ అవి 1986లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన నీళ్లు. గోదావరి దిగువన నాందేడ్ జిల్లాలో ఉన్న మన భయమంతా అందుకే.

కరెంటు కావాలి, భూసేకరణ గొడవ ఉండదు, నీటి ఆవిరి తగ్గుతుంది అంటున్నారు. మరాఠ్వాడాలో నీటి బొట్టు విలువ మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆవిరి తగ్గేది సోలార్ పలకలు కప్పినంత మేరకే.

ఆ మేర ఎంతో తెలంగాణలోని రామగుండం తేలే సోలార్ ప్లాంటు చూస్తే తెలుస్తుంది. అక్కడ 100 మెగావాట్లకు 500 ఎకరాల నీటిని కప్పారు. ఆ లెక్కన ఇక్కడ 6,000 ఎకరాలు, అంటే 24 చదరపు కిలోమీటర్లు. నిండినప్పుడు సుమారు 350 చదరపు కిలోమీటర్లు పరుచుకునే నాథ్‌సాగర్‌లో ఇది ఏడు శాతమే కదా అనొచ్చు. కానీ జలాశయం నిండేది వానాకాలం చివర. వలస పక్షులు ఉండేది నవంబరు నుంచి మార్చి దాకా, నీరు కాలువల్లోకి పోతూ రోజురోజుకూ వెనక్కి తగ్గే నెలల్లో. 2016, 2019 వేసవుల్లో మట్టం డెడ్ స్టోరేజీకి, అంటే కాలువలకు అందని అడుగు నీటికి పడిపోయింది. నీరు తగ్గితే పలకలు తగ్గవు. ఒడ్డు దగ్గర పరిస్తే బురదలో కూర్చుంటాయి కనుక లోతైన చోటే లంగరు వేయాలి. కరవు ఏడాది చివరిదాకా నీరు నిలిచేదీ అక్కడే. ఏడు శాతమన్నది ఆ ఏడాది ఎంతవుతుందో ఎవరైనా లెక్క కట్టారా?

పక్షికి ఏ నీరైనా ఒకటి కాదు. సూదితోక బాతు తలకిందులై తోక పైకెత్తి మేస్తుంది, దానికి మూరెడు లోతు చాలు. గాడ్విట్ అనే పొడుగు ముక్కు వలస పక్షికి నీరు అప్పుడే తీసిన తడి బురద కావాలి, నాలుగంగుళాల ముక్కు దించి పురుగును లాగుతుంది. బొల్లికోడి ఉన్నచోటి నుంచి లేవలేదు. నీటి మీద కాళ్లతో టపటపా కొడుతూ చాలా దూరం పరుగెత్తితేగాని గాల్లోకి ఎగరదు. దానికి అడ్డులేని తెరిపి నీళ్లు కావాలి. హిమాలయాలు దాటి వచ్చే బార్‌హెడెడ్ గూస్ అనే పెద్దబాతు పొలాల్లో మేసి, కుక్కలూ నక్కలూ అందుకోలేని నీటి నడుమకు చేరి సేదతీరుతుంది. ఆ నడుమనే ఇప్పుడు అడుగుతున్నారు.

ఇంకో మాట. పలకలపై రెట్ట పడితే కరెంటు తగ్గుతుంది. అందుకని ప్లాంటు నడిపేవారు పక్షులను బెదరగొట్టే ఏర్పాట్లు చేసుకుంటారు. పక్షుల కోసం ప్రకటించిన చోట పక్షులను తోలడమా? ఉత్పత్తి అయిన కరెంటును ఒడ్డు దాటించడానికి హైటెన్షన్ తీగలూ కావాలి. 2011లో కచ్‌లోని ఖదీర్ దగ్గర తీగలకు తగిలి వందకు పైగా ఫ్లెమింగోలు చచ్చిపోయాయి. ఫ్లెమింగోలు నాథ్‌సాగర్‌కూ వస్తాయి.

అభయారణ్యం చుట్టూ 2017లో ప్రకటించిన పర్యావరణ సున్నిత మండలంలో పునరుత్పాదక ఇంధనాన్ని ప్రోత్సహించాలని ఉంది కదా అని వాదించారు. ఇలాంటి నోటిఫికేషన్లలో ఆ మాట పక్కన మామూలుగా రాసే ఉదాహరణలు బయోగ్యాస్, సోలార్ దీపాలు. ఊళ్లో కట్టెపొయ్యి మానిపించడానికి రాసిన వాక్యాన్ని పట్టుకుని 1,200 మెగావాట్లకు తలుపు తీస్తే, దేశంలో ఏ అభయారణ్యం తలుపైనా దాంతోనే తీయొచ్చు.

మళ్లీ చెబుతున్నాం: ఇది ఒక్క నాథ్‌సాగర్ గొడవ కాదు. చట్టం గీసిన గీత ఉన్న నీళ్లనే ఇచ్చేస్తే, ఏ గీతా లేని మన జిల్లా జలాశయాల్లో విష్ణుపురి సంగతేంటి? బారుల్ దగ్గరి మనార్ ఏమవుతుంది? లింబోటి జలాశయం తరఫున రేపు దెగ్లూర్ రైతో బిలోలి జాలరో కోర్టుకెళ్తే, 'అభయారణ్యానికే అడ్డు లేనప్పుడు మీకేంటి' అంటే ఏం జవాబు చెప్పాలి?

పలకలు వేయడానికి చోటు లేదనకండి. పైఠణ్ ఎడమ కాలువ 208 కిలోమీటర్లు, కుడి కాలువ 132. గుజరాత్‌లో కడీ దగ్గర 2012లోనే కాలువ మీద పలకలు పరిచి కరెంటు తీశారు. కాలువ మీదా ఆవిరి తగ్గుతుంది, అక్కడ బాతుల గుంపులు దిగవు. కాలువ మీద చట్రం కట్టడానికి ఖర్చెక్కువ. ఆ ఖర్చు తప్పించుకోవడానికి అభయారణ్యం మీద పడుతున్నారు.

అటవీ శాఖ నోరు విప్పాలి. నవంబరు నుంచి మార్చి దాకా ఏ నెలలో ఏ నీటిమట్టానికి ఏ పక్షి ఎక్కడ దిగుతుందో పటం గీసి, నిండిన ఏడాదికీ కరవు ఏడాదికీ విడివిడిగా, మరాఠీలోనూ తెలుగులోనూ ఒడ్డు గ్రామాల నుంచి ధర్మాబాద్ దాకా జనం ముందు పెట్టాలి. సాగునీటి శాఖ దగ్గర రోజువారీ మట్టాలున్నాయి, పక్షులను లెక్కించేవాళ్లూ ఉన్నారు. ఈ పాటి పని చేయకుండా సంతకాలు పెట్టేవారికి అభయారణ్యం బాధ్యత మోసే అర్హత లేదు. పటం వచ్చేదాకా ఆ నీళ్లలో ఒక్క లంగరు కూడా దించొద్దు.