బావకు థైరాయిడ్ వచ్చిన ఆనందం

మనిషికి కాలు విరిగితే జాలిపడతారు, జ్వరం వస్తే పాలూ బ్రెడ్డూ పట్టుకొస్తారు. జుట్టు రాలితే మాత్రం విచారణ మొదలుపెడతారు. మా బావ ముప్పై అయిదో ఏట ముద్దాయి అయ్యాడు. నుదుటి మూలలు వెనక్కి జరిగాయి, నడినెత్తిన ట్యూబ్‌లైటు మెరవడం మొదలైంది. ఇక ఇంట్లో ఎవరి అభియోగం వాళ్ళది.

మా అక్క దృష్టిలో నేరం నిజాంపేట బోరు నీళ్ళది. వాళ్ళ అత్తగారి దృష్టిలో అర్ధరాత్రి దాటాక అమెరికావాళ్ళతో మాట్లాడే ఆఫీసు కాల్స్‌ది. మామయ్యగారు బిర్యానీని వదిలేది లేదన్నారు. "మేం గోదావరి నీళ్ళు తాగాం, దంపుడు బియ్యం తిన్నాం, ఎనిమిదింటికల్లా పడుకున్నాం. మీ తిండే మిమ్మల్నిలా చేస్తోందిరా" అని ఆయన ఉపన్యసిస్తున్నంతసేపూ ఆయన తల మీద సీలింగ్ ఫ్యాన్ ప్రతిబింబం చక్కగా తిరుగుతూనే ఉంటుంది. ఆయన పెళ్ళి ఫొటోలో బాసికం పైన ఉన్నదంతా నుదురే. గోదావరి నీళ్ళు మిమ్మల్నెందుకు కాపాడలేదండీ అని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆయన స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. చుట్ట, చీట్లపేక, కాకా హోటల్ పూరీ తప్ప జీవితంలో ఇంకేమీ ఎరగడు. డెబ్బై దాటినా దువ్వెన దిగని జుట్టు! ఆయన ప్రస్తావన మాత్రం ఎవరూ తీసుకురారు, కేసు బలహీనపడుతుందని.

శిక్ష కూడా వెంటనే అమలైంది. మందారాకు, గుంటగలగరాకు నూనె అయ్యాక ఉల్లిరసం వచ్చింది. బావ లిఫ్టు ఎక్కితే పక్క ఫ్లాట్ ఆవిడ "ఈరోజు పకోడీలా అండీ?" అని అడిగేది. ఉల్లిరసాన్ని పేనుకొరుకుడు మచ్చల మీద ఒక చిన్న పరిశోధనలో ప్రయత్నించి చూశారు కానీ అది వేరే జబ్బు. మా అక్కకి ఆ తేడాతో పనిలేదు. ఉల్లిపాయలు ఇంట్లో ఉన్నాయి, మొగుడు అందుబాటులో ఉన్నాడు.

తర్వాత బావ స్వయంగా రంగంలోకి దిగి అన్నం, పప్పు, నెయ్యి అన్నీ మానేసి కీరదోస మీద పడ్డాడు. పొట్ట తగ్గింది. మూడు నెలలు తిరక్కుండా తలగడ మీద వెంట్రుకలు రెట్టింపయ్యాయి. కంగారుపడి జుట్టుకు మంచిదని అమ్మే బయోటిన్ అనే విటమిన్ గమ్మీలు తెప్పించుకున్నాడు. మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ 30, 40 మైక్రోగ్రాములు. ఆ డబ్బా మీద 10,000 అని ఉంది. బావ దాన్ని చూసి భయపడలేదు, గిట్టుబాటు అయిందనుకున్నాడు.

ఆఫీసువాళ్ళ వార్షిక హెల్త్ చెకప్‌లో అసలు కథ బయటపడింది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అనే హార్మోను బాగా తక్కువ, టీ4 అనేది ఎక్కువ. థైరాయిడ్ గ్రంథి పరుగులు పెడుతోందని దానర్థం. ఏ ఇంట్లోనైనా ఇలాంటి రిపోర్టు వస్తే ఏడుస్తారు. అక్క నాకు ఫోన్ చేసి "ఒరేయ్, దొరికిందిరా!" అంది. థైరాయిడ్ తేడాగా ఉంటే జుట్టు రాలుతుంది కదా, కారణం చిక్కినట్టే. మామయ్యగారైతే పదేళ్ళు తగ్గినట్టు కనిపించారు. "నేను ముందే చెప్పాను, మా వంశంలో ఏ లోపమూ లేదు" అని బంధువులందరికీ వరసపెట్టి ఫోన్లు చేశారు. అత్తగారు క్యాబేజీని ఇంట్లోంచి బహిష్కరించారు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, బావని చూసి, మళ్ళీ రిపోర్టు చూశారట. గుండె దడ లేదు, చేతులు వణకడం లేదు, మెడ మామూలుగానే ఉంది. "జుట్టు కోసం ఏమైనా వాడుతున్నారా?" అని అడిగారు. బావ జేబులోంచి డబ్బా తీశాడు. కొన్ని ల్యాబ్ పరీక్షల పద్ధతిలోనే బయోటిన్ వాడతారట. రక్తంలో అది మరీ ఎక్కువైతే యంత్రం తికమకపడి, లేని థైరాయిడ్ జబ్బును చూపిస్తుందట. గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్ కూడా ఇలాగే దారి తప్పొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. అంటే జుట్టు కోసం తిన్న మందే జుట్టు రాలడానికి దొంగ కారణాన్ని సృష్టించిందన్నమాట.

కీరదోసకి కూడా అక్కడే తీర్పు వచ్చింది. ఒక్కసారిగా తిండి తగ్గించినా, డెంగీ లాంటి జ్వరం వచ్చినా రెండు మూడు నెలలకు జుట్టు కుప్పగా రాలి, తర్వాత తిరిగి వస్తుంది. ఇనుము, ప్రొటీన్ తగ్గినా రాలుతుంది. సిగరెట్ మానితే మంచిదే. కానీ మూలలూ నడినెత్తీ ఖాళీ అయి చుట్టూ అంచు మిగిలే ఈ పద్ధతి మాత్రం ప్రధానంగా తల్లిదండ్రులిద్దరి వైపు నుంచీ వచ్చే ఆస్తి. టెస్టోస్టిరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను అక్కడి కుదుళ్ళను ఏడాదికేడాది సన్నబరుస్తుంది. యుక్తవయసుకు ముందే వృషణాలు పోయినవాళ్ళకు ఈ బట్టతల రాదని జేమ్స్ హామిల్టన్ 1942లో రాశాడు. ఇంతకన్నా గ్యారంటీ చికిత్స ఇంకా దొరకలేదు, ఉల్లిరసమే నయమనిపిస్తుంది.

గమ్మీలు ఆపి కొన్నాళ్ళకు మళ్ళీ పరీక్ష చేస్తే అన్నీ నార్మల్. ఇల్లంతా మూగబోయింది. "ఈ ల్యాబ్ మంచిది కాదేమో, ఇంకోచోట చేయించండి" అంది అక్క ఆశగా. డాక్టరమ్మ మినాక్సిడిల్ రాసిచ్చారు. అది మొదట బీపీ మందు. వాడినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు మొలుస్తుంటే లోషన్‌గా చేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాడినన్నాళ్ళే ఫలితం, ఆపితే మళ్ళీ మొదటికే.

వంశం సంగతి డాక్టర్ చెప్పిందని తెలిశాక మామయ్యగారు రెండు రోజులు బిర్యానీ ఊసెత్తలేదు. మూడో రోజు సాయంత్రం నన్ను బాల్కనీలోకి పిలిచి, వెనక తలుపు దగ్గరగా వేసి అడిగారు.

"ఆ లోషన్ డెబ్బై దాటినవాళ్ళకి కూడా ఇస్తారంటావా?"