లాక్ ఫంక్షన్ నెత్తిన కొలువైన వ్యాఖ్య గారికి

మహారాజశ్రీ వ్యాఖ్య గారి దివ్యసముఖమునకు,

విజయనగరం నుంచి మీ ప్రోగ్రామరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ, కులాసాగా ఉన్నది మీరొక్కరే. కోడ్ ఏం చేస్తుందో చదివే మనుషులకు చెప్పడానికే మిమ్మల్ని దాని పైన రాస్తారు. మీ కింది కోడ్ నాలుగుసార్లు మారింది. మీలో ఒక్క అక్షరం చెదరలేదు.

ఒకరు లెక్క రాస్తుండగా మరొకరు ముట్టుకోకుండా తాళం వేసేది ఆ ఫంక్షన్. తాళం దొరక్కపోతే ఎంత ఆగాలో దానికి చెప్పాలి. “చివరి విలువ: ఎన్ని సెకన్లు ఆగాలో” అని సెలవిచ్చారు. నమ్మి 5 ఇచ్చాను. ఒకప్పుడు అది నిజమే. తర్వాత ఎవరో పుణ్యాత్ములు లోపల సర్దుబాట్లు చేసి, ఆ అంకెను నేరుగా, తాళం కోసం గడువు దాకా ఆగే లైబ్రరీ ఫంక్షన్ పీథ్రెడ్ టైమ్డ్‌లాక్‌కు అప్పజెప్పారు. దానికి కావలసింది ఎంతసేపు అన్నది కాదు, ఏ క్షణం వరకు అన్నది. లెక్క 1970 జనవరి 1 నుంచి మొదలు. అంటే ఆ రోజు మన గడియారం ప్రకారం ఉదయం 5:30 దాటిన ఐదో సెకనుకే నా గడువు తీరిపోయింది. విజయనగరం జిల్లా అయిందే 1979లో!

పరీక్షల్లో ఎందుకు దొరకలేదంటారా? తాళం ఖాళీగా ఉంటే గడువుతో పనిలేకుండా ఇచ్చేస్తుంది. నేనొక్కణ్ణే కూర్చుని నడిపితే అది ఎప్పుడూ ఖాళీయే. తొలేళ్ల రాత్రి ఊరంతా పైడితల్లమ్మ గుడి దారిలో ఉండగా, గోనెసంచుల కొట్టు లెక్కలోకి రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాములో పక్కపక్కన నడిచే పనులు, ఒకేసారి వచ్చాయి. రెండోది క్షణమైనా ఆగకుండా వెనుదిరిగింది.

అది నాకు తెలియాలి కదా. అక్కడా మీ మాటే విన్నాను: “విఫలమైతే ఎర్ర్‌నో చూడండి.” తప్పు సంఖ్య నిలిచే చోటది. చూశాను, సున్నా, అంటే తప్పేమీ లేదని. ఈ ఫంక్షన్లు తప్పును ఎర్ర్‌నోలో పెట్టవు, తిరిగిచ్చే విలువలోనే చెబుతాయి. తాళం చిక్కిందనుకుని లెక్క రాసేశాను. రెండు థ్రెడ్లూ 100 నుంచే చెరొకటి తీసేశాయి. 100 కట్టల్లో రెండు అమ్ముడైతే లెక్కలో 99 మిగిలాయి. “ఈ కట్ట ఎక్కడ పుట్టింది బాబూ?” అని కొట్టు యజమాని ఎంతో మర్యాదగా అడిగారు. తిట్టినా బాగుండేది.

మా అమ్మమ్మ తాళాలగుత్తికి “గాదె గది” అని రాసిన అట్టముక్క ఇంకా వేలాడుతోంది. ఆ గదిలో ఇప్పుడున్నది ఇన్వర్టరు. ఆ అట్టముక్కను నమ్మి మాత్రం ఎవరూ వడ్లు కొలవడానికి వెళ్లలేదు.

నిన్న మీ రెండు వాక్యాలూ తిరగరాసి సమీక్షకు పంపాను. “వ్యాఖ్యే కదా” అంటూ అరనిమిషంలో ఆమోదం వచ్చింది. టైమ్డ్‌లాక్ అనాల్సిన చోట అసలు ఆగనే ఆగని ట్రైలాక్ అని రాశానని ఈ ఉదయం కాఫీ తాగుతూ నేనే చూసుకున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు